ఇంటామె నూరిన కత్తి

ముందే ఒప్పేసుకుంటాను. మా ఇంట్లో తలుపు వెనక వేలాడే తోలుపట్టె మీద అడ్డంగా ఒక కోత ఉంది. అది నేను చేసిందే. ఇంజనీరింగ్ చదివాను, మూడు వీడియోలు చూశాను, కాబట్టి మంగలికత్తి నూరడం నాకు వచ్చేసిందనుకున్నాను. రాయి మీద కత్తి అంచు ముందు నడుస్తుంది, తోలు మీద వీపు ముందు నడవాలి. నేను తోలు మీద కూడా అంచునే ముందుకు తోశాను. ఇరవై తొమ్మిదేళ్లుగా గీత పడని తోలు ఒక్క తోపుకు సగం మందం తెగింది.

అది గురువారం సాయంత్రం. ఇక్కడ రాస్తున్నది ఆ మర్నాటి సంగతి, మా నాయనమ్మ శరణమ్మ గడిపిన ఒక శుక్రవారం. కొంత నేను చూసింది, మిగతాది తరవాత ఆమె నోట విన్నది.

పొద్దున ఐదున్నరకు శరణమ్మ నల్లా పక్కన పీట వేసుకుని కూర్చుని, నూరుడు రాయి మీద నీళ్లు చల్లుతోంది. రాయి అరచేతికన్నా కాస్త పొడవు, తడిస్తే పాచి రంగు. ఒకప్పుడు రెండు వేళ్ల మందం ఉండేదట. వాడగా వాడగా మధ్యలో గుంటపడుతుంది కాబట్టి, ఏడాదికోసారి షాబాద్ బండ మీద ఇసుక పోసి రాయినే అరగదీసి చదును చేస్తుందామె. ఇప్పుడు వేలు మందం మిగిలింది. కళ్లజోడు జారకుండా దారం కట్టుకుని, కత్తిని రాయి మీద పడుకోబెట్టింది. వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి. ముందుకు ఒకటి, తిప్పి వెనక్కి ఒకటి. ఆమె చెయ్యి కత్తిని నొక్కదు. కత్తి బరువు కత్తిదే, వెంట నడిపించడమే చెయ్యి పని.

మొదట్లో ఇసుక నమిలినట్టు చప్పుడొస్తుంది. అది సన్నబడి, సన్నబడి, చివరికి తడిబట్ట మీద వేలు రాసినట్టు వినిపిస్తుంది. అప్పుడు ఆపాలి. ఇంకో పది సార్లు నూరితే మంచిదే కదా అనుకుంటే పదును మళ్లీ పోతుంది. ఇది ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ఆమె తలలోంచి ఒక వెంట్రుక పీకి, కుదురు దగ్గర పట్టుకుని అంచు మీదికి దించింది. వెంట్రుక వంగింది, తెగలేదు. పెళ్లయిన కొత్తలో జడలోని నల్లటి, లావుపాటి వెంట్రుకలతో పరీక్ష చేసేది. ఇప్పుడున్నవి తెల్లవి, పోగుల్లాంటివి. వీటిని కోయాలంటే కత్తికి అప్పటికన్నా ఎక్కువ పదునుండాలి.

ఇక తోలు మీద తిప్పాలి. ఆమె తలుపు వైపు చూసింది. నేను అప్పుడే లేచి, మొహం చెల్లక గుమ్మంలో నిలబడ్డాను.

“మూడు వీడియోలు సూసినవ్ గద బిడ్డా,” అంది. “నాలుగోది సూడకపోతివి.”

తోలుపట్టె జోలికి పోలేదు. ఎడమ అరచెయ్యి తెరిచి, బొటనవేలి కింద కండ మీద కత్తిని పైకీ కిందికీ తిప్పడం మొదలుపెట్టింది, వీపు ముందు, అంచు వెనక. రాళ్ల మీద, సబ్బునీళ్లలో యాభై ఏళ్లు నానిన చెయ్యి. తోలుకూ దానికీ పెద్ద తేడా లేదు. యాభై అరవై సార్లు తిప్పాక ఇంకో వెంట్రుక పీకింది. అది అంచుకు తగిలిందో లేదో నాకు కనిపించలేదు. కింది సగం మాత్రం నీళ్లలో పడింది.

ఈ కత్తితో గడ్డం గీసి పధ్నాలుగు నెలలైంది. అయినా ప్రతి శుక్రవారం నూరుతూనే ఉంది. మా తాత బసవరాజ్‌కు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన దగ్గర్నుంచీ దుకాణం మా నాన్న నాగరాజ్ ఒక్కడే చూసుకుంటున్నాడు. బస్టాండు దగ్గర, రెండు తిరిగే కుర్చీలు, ఒక ఏసీ. సగం బ్లేడు విరిచి పెట్టడం, గీయడం, పారేయడం. తువ్వాళ్లు కూడా పోయాయి, కరోనా తరవాత కాగితాలొచ్చాయి. అంతకు ముందు రోజుకు ముప్పై తువ్వాళ్లు ఇంటికొచ్చేవి. శరణమ్మ జీవితంలో ఎక్కువ భాగం ఆ ముప్పై తువ్వాళ్లు, ఈ ఒక్క కత్తి.

ఏడింటికి నాన్న స్కూటర్ తీస్తూ ఆగాడు.

“మల్ల నూరుతున్నవేందమ్మా?”

“శుక్రారం గద.”

“శుక్రారమైతే? గీయించుకునేటోడెవడున్నడు?”

ఆమె గడ్డంతోనే లోపలి గది వైపు చూపించింది.

“వద్దు,” అన్నాడు నాన్న. స్కూటర్ స్టాండు మళ్లీ వేశాడు. “రక్తం పల్చగయ్యే గోలీలు తింటుండు నాయిన. డాక్టర్ జెప్పిండు గద, జర తెగినా రక్తం ఆగదని. ఐతారం నేను ట్రిమ్మర్ పెడ్త.”

“పెట్టనిస్తడా?”

బ్లేడు పెడితే తాత మెడంతా ఎర్రగా పొక్కేది. పోయిన రెండు ఆదివారాలు తాత మొహం గోడకు తిప్పేసుకున్నాడు. ట్రిమ్మర్ చప్పుడు వింటే పళ్లు బిగబట్టేవాడు. నలభై ఐదేళ్లు ఊళ్లోవాళ్ల గడ్డాలు గీసిన మనిషి, పొద్దున తన గడ్డం గీసుకోనిదే దుకాణం షట్టర్ ఎత్తనివాడు, పందొమ్మిది రోజుల తెల్లగడ్డంతో మంచంలో పడున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లకు మొహం చూపించడం మానేశాడు. దుప్పటి ముక్కు దాకా లాక్కునేవాడు.

“నీకు గీసుడు రాదమ్మా,” అన్నాడు నాన్న మెల్లగా.

“నూరుడొస్తది.”

“నూరుడు వేరు, గీసుడు వేరు.”

“మీ నాయిన గూడ గదే అంటుండె,” అంది శరణమ్మ, కత్తి మడిచి కొంగులో చెక్కుకుంటూ.

ఆమెకు నూరడం నేర్పింది ఆమె మామ సంగప్ప. బసవరాజ్ చేతికి తొందర ఎక్కువ. రాయి మీద కత్తిని అదిమేవాడు, అంచు విరిగేది. పెళ్లయిన మూడో నెలలో కత్తీ రాయీ తెచ్చి భార్య ముందు పెట్టి, “నూరుడే గద, పచ్చడి నూరినట్టే” అని వెళ్లిపోయాడు. పచ్చడిలాగే నూరింది. మొదటి కత్తి రంపమైంది, రెండోది వీపు దాకా అరిగింది. అప్పుడు సంగప్ప నల్లా దగ్గర ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని, “సప్పుడు ఇను” అన్నాడు. నాలుగు నెలలు అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఐదో నెలలో వెంట్రుక తెగింది.

ఆ తరవాత పొద్దున కత్తి దుకాణానికి వెళ్లేది, రాత్రికి ఇంటికొచ్చేది. ఆడవాళ్లు ఆ దుకాణం మెట్లెక్కేది లేదు కాబట్టి, తను నూరిన కత్తి ఒక మనిషి చెంప మీద నడవడం శరణమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఇంటికొచ్చిన కత్తిని చదివేది. పిడి వైపు, మడమ దగ్గర పదును ఎక్కువ పోతే ఆ రోజు మెడలు ఎక్కువ గీశాడని. కొసన, ముక్కు దగ్గర మొద్దుబారితే మీసాల పని. అంచు ఎప్పుడూ ఒకే వైపు కొద్దిగా వాలేది, అంటే కత్తిని ఏ వాలున పట్టుకుంటాడో, ఎంత ఆనిస్తాడో ఆ వాలే చెప్పేది. ఒక రోజు కత్తి ఎగుడుదిగుడుగా వచ్చింది. చెయ్యి వణికిందేమో అడుగుదామనుకుంది. అడగలేదు. ఎనిమిది రోజుల తరవాత ఆయన దుకాణంలోనే పడిపోయాడు.

పదిన్నరకు ఎంకయ్య వచ్చాడు. మార్కెట్లో కాటా దగ్గర గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, ముప్పై ఏళ్లు బసవరాజ్ కుర్చీలో కూర్చున్నవాడు. చిరాగ్‌పల్లి నుంచి ప్రతి శుక్రవారం షేర్ ఆటోలో మందులకొచ్చి, మందులకన్నా ముందు ఇక్కడికొచ్చేవాడు. ఇప్పుడు సొంతంగా గీసుకుంటున్నాడని గడ్డం మీద అంటించిన రెండు కాగితం ముక్కలు చెబుతున్నాయి.

“ఏం బసప్ప, బురఖా ఏసినవ్?” అన్నాడు దుప్పటి చూసి.

బసవరాజ్ కళ్లతోనే తిట్టాడు.

శరణమ్మ చాయ్ గ్లాసు అందిస్తూ కాగితం ముక్కల వైపు చూసింది. “గదేందన్నా, పేపరు సదివి మొహానికి అతికించుకున్నవా?”

“ఏం జేద్దు చెల్లె. గా రోజులు పోయినయి. మీ ఆయన చేతుల తెగుడు అంటే ఏడాదికొకపారి. గది గూడ నీ తప్పేనాయె.”

“నా తప్పా?”

ఎంకయ్య మంచం వైపు చూశాడు. దుప్పటి కొంచెం కదిలింది. చెప్పొద్దన్నట్టు బసవరాజ్ ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. ఎంకయ్యకు అంతకన్నా సంతోషం ఏముంటుంది.

“ఎవనికన్న జర గీసుకుపోయిందనుకో, పటిక రాసుకుంట అంటుండె, ‘ఇంటామె మంచిగ నూరలే’ అని. నాకే మూడు పార్లు జెప్పిండు. ‘నిన్న కొట్లాట అయినట్టున్నది, కోపమంత కత్తి మీద సూపెట్టింది’ అని ఒకపారి. మేమందరం నవ్వుతుంటిమి.”

శరణమ్మ నవ్వలేదు. “మరి తెగనప్పుడు?”

“ఆఁ?”

“ఏడాదికొకపారి తెగితె, మిగిలిన దినాలు తెగలేదు గద. గప్పుడేమంటుండె?”

ఎంకయ్య చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. “గప్పుడా. గప్పుడు, ‘నా చెయ్యి’ అంటుండె.”

దుప్పటి పూర్తిగా తలమీదికి వెళ్లిపోయింది. లోపల భుజం కదులుతోంది. ఆయన నవ్వుతున్నాడు, పధ్నాలుగు నెలల తరవాత, దొరికిపోయిన దొంగలాగా.

ఎంకయ్య వెళ్లాక శరణమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పాత తువ్వాలు ఒకటి ట్రంకుపెట్టెలోంచి తీసి వేడినీళ్లలో ముంచి పిండింది, పొడిది ఇంకోటి భుజాన వేసుకుంది. దుకాణం నుంచి ఎప్పుడో ఇంటికొచ్చేసిన బ్రష్షూ, సబ్బు గిన్నే తెచ్చుకుంది. నన్ను పిలిచింది. నాకప్పుడు ఆఫీసు మీటింగ్. కెమెరా, మైకు రెండూ ఆపేసి వెళ్లి తాత తల వెనక దిండు ఎత్తిపెట్టాను.

ఆమె మంచం పక్కన నిలబడి, “నూరినామెను నేనే,” అంది. “నూరుడు మంచిగైందో లేదో ఇయ్యాల సూస్త. తెగితె నా మీద జెప్పుడు నీకు అలవాటే గద.”

బసవరాజ్ తనే దుప్పటి కిందికి జరిపాడు.

పొడి తువ్వాలు మెడ చుట్టూ వేసి, వేడి తువ్వాలు గడ్డం మీద కప్పి, నూరు లెక్కపెట్టినంత సేపు ఉంచింది. నురగ పూసింది. కత్తి తెరిచింది. మొదటి గీత చెవి కిందనుంచి చెంప మీదికి. కత్తిని ఆ వాలున పట్టుకుంది, ఏళ్ల తరబడి ప్రతి రాత్రి అంచు మీద చూసిన వాలున. నురగ పక్కకు జరిగి కింద చర్మం కనిపించింది, పాలిపోయి, శుభ్రంగా. ఒక్క చుక్క ఎరుపు లేదు. శరణమ్మ ఊపిరి వదిలింది. నేను వదల్లేదు.

చెంపకు కత్తి నడుము, దవడకు నడుమూ మడమా. ముడతల దగ్గర కత్తి ఆగింది. అప్పుడు బసవరాజ్ ఎడమచెయ్యి ఎత్తి, తన చెంప తోలును తనే చెవి వైపు లాగి పట్టుకున్నాడు. ముడత సాపైంది. ఆమె గీసింది. ఆయన చెయ్యి ఇంకో చోటికి జరిగింది, కత్తి దాని వెంట జరిగింది. ముక్కు కింద గీయాల్సి వచ్చినప్పుడు తన ముక్కు తనే పైకెత్తాడు. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. ఆమెకూ కనిపించింది. కత్తి గాల్లో ఆగిపోయింది. ఆమె కత్తిని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్లీ అరచేతి మీద పదిసార్లు తిప్పింది. అవసరమై కాదనుకుంటా. ఆ పని ఆమెకు తెలిసిన పని. అప్పుడు మెడ గీసింది, కత్తి బరువు కత్తికే వదిలేసి.

అంతా అయ్యాక తడిబట్టతో తుడిచింది. బసవరాజ్ ఎడమచేతి రెండు వేళ్ల వెనక భాగంతో గడ్డం కిందనుంచి పైకి, వెంట్రుక వాలుకు ఎదురుగా రాసి చూసుకున్నాడు. దుకాణంలో ప్రతి మొహానికీ ఆయన చేసే తనిఖీ అదే. కుడి చెంప. గడ్డం. ఎడమ దవడ. అక్కడ వేళ్లు ఆగాయి.

“ఈడ,” అన్నాడు, ముద్దగా.

“ఏడ?” శరణమ్మ వంగి చూసింది. బియ్యపుగింజంత చోట గరుకు. “మంచాన వడ్డా పేర్లు పెట్టుడు పోలేదు,” అని మళ్లీ నురగ పెట్టి గీసింది.

ఆయన మళ్లీ రాసి చూసుకున్నాడు. ఇంకెక్కడా ఆగలేదు. మెడ చుట్టూ ఉన్న పొడి తువ్వాలును ఎడమచేత్తో లాగి, గాల్లో ఒక్కసారి పటుక్కుమని దులిపాడు. దుకాణంలో ఆ చప్పుడు వింటే కుర్చీలోవాడు లేవాలి. తెల్లటి పొట్టి వెంట్రుకలు మంచమంతా రాలాయి. శరణమ్మ వాటిని ఏరుతూ కూర్చుంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె పాలలో నానేసి పెడితే మామూలుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. దుప్పటి నడుం దాకా మాత్రమే కప్పుకుని పడుకున్నాడు. ఆమె రెండు తువ్వాళ్లు ఉతికి తీగ మీద ఆరేసింది. కత్తి తుడిచి, నూనె రాసి, పొదిలో పెట్టింది. నాలుగింటికి చాయ్ తీసుకుని వెళ్లింది. చాయ్ వాసనకే కళ్లు తెరిచే మనిషి. తెరవలేదు. ఆమె గ్లాసు కిటికీలో పెట్టి, ముక్కు కింద రెండు వేళ్లు పెట్టి చూసింది. తరవాత ఆ వేళ్ల వెనక భాగంతోనే చెంప మీద, కిందనుంచి పైకి, రాసింది.

“కావ్యా,” అని పిలిచింది. “మీ నాయినకు ఫోన్ జెయ్.”

నాన్న వచ్చాడు. తాత మొహం చూసి ముందు ఆగిపోయాడు, ఆ తరవాతే ఏడ్చాడు. తాత మెడను అటూ ఇటూ తిప్పి చూడటం నేను గమనించాను. ఒక్క గాటు లేదు, ఒక్క పొక్కు లేదు.

మా వాళ్లల్లో పోయిన మనిషిని గోడకు ఆనించి కూర్చోబెడతారు. చివరి స్నానానికి ముందు కులంలో వరసైనవాడు గడ్డం గీయాలి. సాయంత్రం ఆరుకు న్యాల్‌కల్ నుంచి మాణిక్ తాత వచ్చాడు. బసవరాజ్ బాబాయి కొడుకు, పదిహేనేళ్లప్పుడు ఆయన దుకాణంలోనే పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు అక్కడ సొంత దుకాణం. చుట్టూ బంధువులు నిలబడి ఉండగా పొది తెరిచి, గిన్నెలో నురగ కలిపి, అన్న ఎదురుగా కూర్చున్నాడు. బ్రష్షు పెట్టే ముందు అలవాటు కొద్దీ రెండు వేళ్ల వెనక భాగంతో చెంప రాసి చూశాడు. కిందనుంచి పైకి. ఇంకో చెంప. మెడ. ఎడమ దవడ కింద ఎక్కువసేపు.

బ్రష్షు గిన్నెలో పెట్టేశాడు.

“గీయనీకె ఏం లేదీడ,” అన్నాడు. నాన్న వైపు తిరిగాడు. “నువ్వా? ఏం బ్లేడ్ వెట్టినవ్ రా?”

నాన్న తల అడ్డంగా ఊపి తల్లి వైపు చూశాడు.

మాణిక్ తాత చూపు కూడా అటు తిరిగింది. శరణమ్మ గడప దగ్గర మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“వదినా. ఎవరి చెయ్యి ఇది?”

భర్త మొహం వైపు చూస్తూ, ఆయన దుకాణంలో అనే మాటనే తిప్పి చెప్పింది.

“ఇంటామె మంచిగ నూరింది.”

ఆ దుకాణంలో ఆరేళ్లు పనిచేసినవాడికి ఆ మాట తెలియకుండా ఎలా ఉంటుంది. మాణిక్ తాతకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, ఆ తరవాత చాలాసేపు తియ్యలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. గత నాలుగు నెలలుగా శుక్రవారాలు నల్లా పక్కన రెండు పీటలు పడుతున్నాయి, రెండోది నాది. నా వెంట్రుక ఇంకా వంగుతోంది, తెగడం లేదు. నాలుగో నెలే కదా అంటుంది శరణమ్మ. మీ ఇళ్లల్లోనూ ఇలా ఎవరో నూరిపెట్టిన పదునుకు ఇంకొకరికి పేరు వచ్చి ఉంటుంది. ఆ నూరిన మనిషి ఎవరో, ఏ మూల కూర్చుని నూరేవారో నాకు రాయండి, నేను చదువుతాను.

తోలుపట్టె తలుపు వెనక అదే మేకుకు వేలాడుతోంది. కోతకు పై సగం నల్లగా మెరుస్తోంది, కింది సగం మీద దుమ్ము పేరుకుంటోంది, మధ్యలో నా కోత దగ్గరికి రాగానే కత్తి వెనక్కి తిరుగుతోంది.